వేలాడుతున్న వైరు

ద్వారకా నగర్‌లో లిఫ్టు లేని ఒక మేడ మూడో అంతస్తులో ఆరు నెలలు కూర్చుని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడం నేర్చుకున్నాను. నేర్చుకున్నాక ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాను. మా అమ్మ పూర్ణా మార్కెట్లో చేపలమ్ముతుంది. కోర్సులో చేరిన రోజే నా ఉద్యోగం గురించి బేరగాళ్ళందరికీ చెప్పేసింది కాబట్టి, ఎవరడిగినా పాపం, వచ్చే వారం చేరుతుందని చెప్పుకుంటూ వచ్చింది. ఆ వచ్చే వారం ఎంతకీ రాలేదు. చివరికి మా పిన్ని రొయ్యల కంపెనీలో మాట్లాడి పెట్టింది, సోమవారం నుంచి రమ్మన్నారు. తప్పు పనేం కాదు, మా వీధిలో సగం మంది ఆడవాళ్ళు చేస్తున్నదే. కానీ నాకు వద్దు. ఎందుకు వద్దంటే, నాకు వైర్లంటే పిచ్చి. అంతకుమించి కారణం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

సరిగ్గా ఆ సోమవారానికి ముందు వారమే కూర్మన్నపాలెం దగ్గర ఒక చిన్న మిషన్ స్కూల్ వాళ్ళు పిలిచారు. ఇరవై కంప్యూటర్లు కొని గదిలో పెట్టుకున్నారు, కలిపేవాళ్ళు లేరు. శనివారం ప్రారంభం. ఆ రోజు తల్లిదండ్రుల ఎదుట ల్యాబ్ నడిస్తే సోమవారం నుంచి నేనే కంప్యూటర్ టీచర్ని. నడవకపోతే దండం పెట్టి ఇంటికి రావడమే. ప్రిన్సిపాల్ మేడమ్ ఈ సంగతి నవ్వకుండా, కోపం లేకుండా, సున్నం కొట్టిన గోడలా ముఖం పెట్టి చెప్పారు.

నేనొక్కదాన్నే అంత వైరు లాగలేను. సముద్రం మీద వేట నిషేధం రోజులవి కాబట్టి మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. రమ్మంటే లుంగీ వదిలి ప్యాంటు వేసుకుని మరీ వచ్చాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పడవ మీద తాళ్ళతోనే బతికినవాడు. వైరు చుట్ట విప్పడం చూడాలి ఆయన! ఎక్కడా పురి పడలేదు, మెలి పడలేదు. నిచ్చెన ఎక్కి గోడల వెంట గీత గీసినట్టు లాగేశాడు. రెండు రోజులనుకున్న పని ఒక్క రోజులో అయిపోయింది.

పని చేస్తున్నంతసేపూ ప్రశ్నలు. నేనూ ఊరుకున్నానా, ద్వారకా నగర్ చదువంతా ఆయన మీద పోసేశాను. ప్రతి కంప్యూటర్ నుంచీ ఒక వైరు మూలనున్న స్విచ్‌లోకి వెళ్తుంది. అది లైటు వేసే స్విచ్ కాదు, ఇరవై నాలుగు రంధ్రాలున్న ఇనప పెట్టె. ఏ రంధ్రానికి అవతల ఎవరున్నారో దానికి గుర్తుంటుంది. ప్రతి కంప్యూటర్‌కీ ఒక నంబరు ఉంటుంది. ఏడు నంబరుకి పంపింది ఏడుకే చేరుతుంది. ఎవరెక్కడున్నారో తెలియనప్పుడు మాత్రం ఒక కంప్యూటర్ గట్టిగా కేకేస్తుంది, పన్నెండు ఎవరూ అని. పెట్టె ఆ కేకని అందరికీ వినిపిస్తుంది. పన్నెండు ఒక్కటే పలుకుతుంది, మిగతావన్నీ నోరు మూసుకుంటాయి. నోరు మూసుకోవడం దగ్గర మావయ్య ఆగిపోయాడు. మా రేవులో ఒక్కడూ అలా ఉండడే అని తెగ ఆశ్చర్యపోయాడు.

శనివారం తొమ్మిదింటికల్లా వెళ్ళిపోయాం. మొదటి కంప్యూటర్లో పిల్లలు వేసిన బొమ్మలు పెట్టి, మిగతా పంతొమ్మిదింటిలో ఒక్కొక్కటే తెరిచాను. వచ్చాయి! ఏనుగు వచ్చింది, ఓడ వచ్చింది, మూడు కాళ్ళ ఆవు కూడా వచ్చింది. గాల్లో తేలిపోయాననుకోండి. గిర్రున ఒక చుట్టు తిరిగి, మేడమ్‌ని పిలవడానికి వరండా పొడుగునా పరుగెత్తాను. టీచర్లు పరుగెత్తకూడదని దారిలో గుర్తొచ్చి నడిచాను. మళ్ళీ పరుగెత్తాను.

మేడమ్‌తో తిరిగొచ్చి ఓడ బొమ్మ నొక్కాను. రాలేదు. పక్క కంప్యూటర్లో నొక్కాను. రాలేదు. ఇరవైలో ఏ ఒక్కటీ ఇంకోదాన్ని గుర్తుపట్టడం లేదు. వెనక తల్లిదండ్రులు కొత్త చీరల్లో, ఇస్త్రీ చొక్కాల్లో వచ్చి నిలబడుతున్నారు. పాస్టరుగారు బైబిల్ తెరుస్తున్నారు. సోమవారం రొయ్యల వాసన అప్పుడే ముక్కుకి తగిలింది.

మేడమ్ నా చెవి దగ్గరకి వంగారు. "ప్రార్థన అయ్యేలోపు అవుతుందా, ఇంకెవరినైనా పిలవనా?" అన్నారు.

అవుతుందన్నాను. ఎలా అవుతుందో నాకే తెలియదు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను బల్లల కింద దూరాను. పాస్టరుగారు లోకాన్ని చేసిన దేవుడికి కృతజ్ఞతలతో మొదలుపెట్టారు. లోకం చేసిన దగ్గర్నుంచి కంప్యూటర్ దాకా రావాలి కదా, టైముందిలే అని ధైర్యం తెచ్చుకున్నాను. కరెంటు చూశాను, ఉంది. మొదటి వైరు తీసి పెట్టాను, బాగానే ఉంది. మోకాళ్ళ మీద పాకుతూ చెప్పుల మధ్య నుంచి, చీర కుచ్చిళ్ళ మధ్య నుంచి మూలకి చేరాను. అప్పటికి పాస్టరుగారు మోషే దాకా వచ్చేశారు.

స్విచ్ ముందు కూర్చోగానే తేడా కనిపించింది. మామూలుగా దాని లైట్లు ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నట్టు ఒకటి తరవాత ఒకటి మిణుకుమంటాయి. ఇప్పుడు అన్నీ కలిసి, ఊపిరి తీసుకోకుండా, పిచ్చెక్కినట్టు కొట్టుకుంటున్నాయి. పొద్దున్న నా ల్యాప్‌టాప్‌కి పెట్టి చూసుకోవడానికి ఒక వైరు అదనంగా పెట్టాను. ఒక కొస స్విచ్‌లో ఉంది. రెండో కొస ఊరికే కిందకి వేలాడుతూ ఉండాలి. ఇప్పుడు లేదు. అదీ చక్కగా వెళ్ళి అదే స్విచ్‌లో ఇంకో రంధ్రంలో కూర్చుంది.

ఓరి దేవుడా! ఏదో కంప్యూటర్ వేసిన ఒక్క కేక ఆ వైరులోంచి బయటికెళ్ళి, అదే వైరులోంచి తిరిగి లోపలికొచ్చింది. పెట్టె అది కొత్త కేకనుకుని మళ్ళీ అందరికీ వినిపించింది. అది మళ్ళీ తిరిగొచ్చింది. ఆ రొదలో ఎవరి మాటా ఎవరికీ చేరడం లేదు. కొస పట్టుకుని లాగేశాను. లైట్లు ఒక్కసారి ఆగి, మెల్లగా, బుద్ధిగా, ఒకటొకటిగా మిణుకుమనడం మొదలుపెట్టాయి. ఆమెన్ అన్నారు అందరూ. అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

తలెత్తితే మేడమ్ నన్నే చూస్తున్నారు. ప్రార్థనంతా ఆవిడ కళ్ళు మూసుకోనే లేదట. ఓడ వచ్చింది, ఆవు వచ్చింది, తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం నన్ను పక్కకి పిలిచి ఏమైందని అడిగారు.

కరెంటు హెచ్చుతగ్గులని చెప్పేయొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా గుమ్మంలో మావయ్య తుండుగుడ్డ నలుపుకుంటూ నిలబడ్డాడు. ఆయన ముఖం చూస్తే ఎవరు చేశారో తెలిసిపోయింది. వైరు కొస వదిలేయడం నా తప్పేనండి, ఎవరైనా దాన్ని తీసి మళ్ళీ అందులోనే పెడితే అన్నీ ఆగిపోతాయని ముందే చెప్పలేదు, అన్నాను.

మావయ్య రెండంగల్లో వచ్చేశాడు. "పిల్లది కాదమ్మా, నానే సేసాను. తాడుకి ఒక కొస కట్టి రెండోది వొదిలేత్తే కాలికి సుట్టుకుని మనిసి నీల్లల్లోకి పోతాడు. మా పడవ మీద ఏ కొసా వొదల్రు. అలగే కట్టీసాను."

మేడమ్ స్విచ్ దగ్గరికి నడిచి, మళ్ళీ పెట్టి చూపించండి అన్నారు. మావయ్య పెట్టాడు. ఇరవై కంప్యూటర్లూ బిగుసుకుపోయాయి. పిల్లలు ఓ అని అరిచారు. తీశాడు, ఓడ వచ్చింది. మళ్ళీ పెట్టమని పిల్లలు గోల. అయిదుసార్లు పెట్టించారు, అయిదుసార్లు తీయించారు. చివరిసారి మేడమే పెట్టి, మేడమే తీశారు. అప్పుడు మొదటిసారి నవ్వారు. సోమవారం నా మొదటి పాఠం ఇదేనట.

తిరుగు బస్సులో మావయ్య తన అప్పకి, అంటే మా అమ్మకి, ఫోన్ చేశాడు. ఇంజన్ మోతలో వినబడదనుకుని గొంతు పెంచాడు. బస్సంతా మావైపు తిరిగింది.

"ఇరవై కంప్యూటర్లే అప్పా. మన గుంట, నీ కూతురు, ఎలిగించింది. నాను ఆర్పీసాను. మళ్ళీ ఎలిగించీసింది. మళ్ళీ నాను ఆర్పీసాను."

అసలు సంగతి ఎప్పుడు చెబుతాడా అని చూశాను. అలాగే వెలిగిస్తూ ఆర్పుతూ బజారంత కథ చెబుతున్నాడు గానీ అక్కడికి రావడం లేదు. అవతల అమ్మ ఏమంటోందో వినబడటం లేదు, మార్కెట్ రొద మాత్రం వినిపిస్తోంది. ఇక ఆగలేక ఫోన్ లాక్కున్నాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియడం లేదు.

"అమ్మా," అన్నాను, "వచ్చే వారం చేరుతున్నాను."