జనవరిలో వచ్చిన దేవుడు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఉట్నూరు అడవిలోకి నన్ను తన జీపులో తీసుకెళ్లింది రాజధాని నుంచి వచ్చిన ఒక కళల అధికారి. గోండుల గుస్సాడీ నాట్యం అంతరించిపోయిందట, ఉద్ధరించే భారం ఆయన మీద పడిందట. దీపావళి ముందు రోజులవి. మేం వెళ్లేసరికి అంతరించిన ఆ నాట్యం ఊరంతా దుమ్ము రేపుతోంది: నెమలీకల టోపీలు, వెంట్రుకల గడ్డాలు, ఒళ్లంతా బూడిద. అధికారి అదేమీ పట్టించుకోకుండా, ఆ నాట్యం ఎలా పుట్టిందో ఊరి పటేలుకే ఓపిగ్గా వివరించి, జనవరిలో రాజధానిలో మంత్రిగారి ముందు జరిగే గణతంత్ర దినోత్సవ కవాతుకు ఆ నాట్యగాళ్లను పంపమన్నాడు.

"జనవరిల యాడికెళ్లి వస్తరు సార్? గా టోపీ పెట్టుకుంటె ఆయన మనిషి కాదు, దేవుడు. దీపావళికే వస్తడు. పండుగ అయ్యేదాక తానం గూడ చెయ్యడు," అన్నాడు పటేలు. "మీ మంత్రినే దీపావళికి తోల్కరాండ్రి."

"మంత్రిగారికి తీరికుండదయ్యా."

"మా దేవునికి గూడ గంతే సార్."

జనవరిలో కవాతు చూడబోయాను. గుస్సాడీలు రానే వచ్చారు. మంత్రిగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంతలో ముందున్న దేవుడి గడ్డం జారింది. చూస్తే మా అధికారే! పాపం, శుభ్రంగా తలంటుకుని, బూడిదకు బదులు పౌడరు రాసుకుని మరీ వచ్చాడు.