బాధ్యుల గడిలో బాబాయి

ఆ ఫుట్‌బాల్ జట్టులో ఏ తప్పు జరిగినా అది తనదేనని ఒప్పుకోవడం బట్టల గది బాబాయికి అలవాటు. అలవాటంటే అలాంటిలాంటిది కాదు. ఎదుటివాడు తప్పు చెయ్యడం పూర్తికాకముందే ఈయన ఒప్పుకోవడం పూర్తయ్యేది. గోలీ చేతుల్లోంచి బంతి జారితే, "తప్పు నాదేనండీ, చేతిజోళ్ళు మరీ మెత్తగా ఉతికేశాను" అనేవాడు. పెనాల్టీ కొడితే బంతి స్తంభానికి తగిలిందనుకోండి, "నాదేనండీ, ఎడమ బూటు లేసుకి ఒక ముడి ఎక్కువేశాను" అనేవాడు. ఒకసారి వానొచ్చి ఆట ఆగిపోయింది. అందరూ ఆకాశం వైపు చూస్తుంటే బాబాయి మాత్రం నేలచూపులు చూస్తూ, "పొద్దున జెర్సీలు బయట ఆరేశానండీ. నేను ఆరేశాక పడకుండా ఉంటుందా?" అన్నాడు.

ఇవన్నీ రిజిస్టర్లో ఎక్కించే పని ఆఫీసు గుమస్తాది. గుండ్రటి దస్తూరీ, తక్కువ మాటలు ఉన్న మనిషి ఆవిడ. సోమవారం పదింటికి సమీక్ష. ఓనరు గారు దానికోసం ప్రత్యేకంగా ఒక ఫారం అచ్చు వేయించారు. తేదీ, ఎదుటి జట్టు, ఎన్ని గోల్స్, చివర్న అగ్గిపెట్టెంత గడి. ఆ గడి మీద 'బాధ్యులు' అని ఉంటుంది. సమీక్ష గది గోడ మీద 'జవాబుదారీతనమే మన బలం' అని నిలువెత్తు అక్షరాలు కూడా రాయించారు. ఎవరి జవాబుదారీతనమో రాయించలేదు. గోడ చాల్లేదేమో.

ఆ గదిలో సోమవారం జరిగే అసలు ఆట చూడాలి. "నా పథకం బాగానే ఉంది, ఆడినవాళ్ళు పాటించలేదు" అంటాడు కోచ్. "పథకమా? ఎప్పుడు చెప్పారు సార్?" అంటాడు కెప్టెన్. కోచ్ కెప్టెన్ని చూస్తాడు, కెప్టెన్ గోలీని చూస్తాడు, గోలీ కిటికీని చూస్తాడు. మైదానంలో నాలుగు పాసులు వరసగా ఇవ్వలేని జట్టు, ఇక్కడ మాత్రం తప్పుని ఒకరికొకరు ఎంత చక్కగా అందించుకునేవాళ్ళో! నీరు పల్లమెరుగు అంటారు. ఈ క్లబ్బులో తప్పు కూడా పల్లమెరుగును. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ దగ్గర బయల్దేరి, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళ దగ్గరికొచ్చి ఇంకేది. మూడో ఓటమికి బస్సు డ్రైవర్ ఉద్యోగం అలాగే పోయింది. బస్సు పది నిమిషాలు ఆలస్యంగా చేరిందట, అందుకని నాలుగు గోల్స్ పడ్డాయట. ఆడలేనమ్మ మద్దెల ఓడంటే సామెత అనుకుంటాం. ఇక్కడ మద్దెలకి ఉద్యోగమే ఊడింది.

ఆ తర్వాత నుంచి బాబాయి మొదలెట్టాడు. ఆయన చెప్పే కారణాలకి ఓనరు గారికి నవ్వొచ్చేది. నవ్వొస్తే కోపం దిగేది. కోపం దిగితే టీ వచ్చేది. గడిలో 'బట్టల గది' అని రాసుకుని గుమస్తా రిజిస్టర్ మూసేది. బట్టలు ఉతికేవాడి లేసు ముడి వల్ల ఓడిపోయామని ఉద్యోగం తీసేస్తే నలుగురూ నవ్వుతారు కాబట్టి, ఆయన జోలికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు.

ఒప్పుకుని ఊరుకునే రకం కాదు బాబాయి. తనకు తనే శిక్ష కూడా వేసుకునేవాడు. ఆటగాళ్ళు బురద సాక్సుల్ని లోపలిది పైకి వచ్చేలా ఊడలాగి, ఉండలు చుట్టి విసిరేస్తారు. ఉతికే ముందు వాటిని ఒక్కొక్కటే తిరగెయ్యాలి. అదీ శిక్ష. ముక్కాలి పీట మీద కూర్చుని గంటసేపు తిరగేసేవాడు.

"బాబాయ్, అది ఎలాగూ మీ పనే కదా? దాన్ని శిక్ష అంటారేంటి?" అని గుమస్తా ఒకసారి అడిగింది.

"పని అనుకుంటే వేళ్ళు నొప్పెడతాయి అమ్మాయ్. శిక్ష అనుకుంటే మనసు తేలికవుతుంది."

"మరి మాకెవరికీ మనసు బరువు లేదా?"

"ఉంటుంది. మీరు మోస్తారు. నాకు నడుం నొప్పి, నేను మొయ్యలేను."

ఇలా మొత్తం పది ఆటలు గడిచాయి. జట్టు పట్టిక అడుగున స్థిరపడింది. పదకొండో ఆట సొంత మైదానంలో. ఆఖరి నిమిషందాకా చెరో గోల్‌తో సమానంగా ఉంది. అప్పుడు కెప్టెన్ వెనక్కి తిరిగి చూడకుండా గోలీకని ఒక పాస్ ఇచ్చాడు. గోలీ అక్కడ లేడు. తడి గడ్డి మీద ఆ బంతి జారుకుంటూ, ఎవరికీ తొందర లేనట్టుగా, సొంత గోల్‌లోకి వెళ్ళి కూర్చుంది.

సోమవారం ఓనరు గారి మొహంలో నవ్వు తాలూకు ఆనవాళ్ళు లేవు. ఇంకొక్కటి ఓడితే జట్టు కింది లీగ్‌కి దిగిపోతుంది.

"గ్రౌండ్ చిత్తడి సార్," అన్నాడు కోచ్. "నీళ్ళు ఎక్కువైపోయాయి."

అందరి చూపులూ గుమ్మం వైపు తిరిగాయి. అక్కడ గడ్డి అక్క నిలబడి ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఆ మైదానం గడ్డిని పెంచింది ఆవిడే. ఇప్పటికీ రోజుకూలీయే.

"రెండు విడతలు పెట్టమన్నారు, పెట్టానయ్యా," అంది.

"ఎవరు పెట్టమన్నారు?"

గడ్డి అక్క కోచ్‌ని చూసింది. కోచ్ ఫోన్ చూసుకున్నాడు. గుమస్తా తన పెన్ను చూసుకుంది.

"తప్పు నాదేనండీ," అన్నాడు బాబాయి. "పెట్టమన్నది నేనే. జెర్సీలకి దుమ్మంటకూడదని."

అందరూ ఓనరు గారు నవ్వుతారని చూశారు. ఆయన నవ్వలేదు. "సరే. ఇన్ని వారాల్నించీ ఒప్పుకుంటూనే ఉన్నావుగా, ఈసారికి నువ్వే వెళ్ళు. ఏమండీ గుమస్తా గారూ, రెండింటికల్లా కాగితం తయారు చెయ్యండి."

"అలాగేనండీ," అన్నాడు బాబాయి. "సాక్సులు మాత్రం తిరగేసి వెళ్తాను. నానితే మురుగు వాసన కొడతాయి."

కాగితంలో 'గతంలో చేసిన తప్పులు' అని రాయాలి కాబట్టి గుమస్తా రిజిస్టర్ మొదట్నుంచీ తిరగేసింది. మొదటి మూడు సోమవారాల్లో బాబాయి పేరే లేదు. నాలుగో వారం గడిలో 'వంట' అని మొదలెట్టి, కొట్టేసి, 'బట్టల గది' అని ఉంది. అయిదో వారం 'గేటు' కొట్టేసి 'బట్టల గది'. ఆరో వారం 'మాలిష్' కొట్టేసి 'బట్టల గది'. ఆ కొట్టివేతలు ఆవిడవే. ఆ గుండ్రటి దస్తూరీ ఆవిడదే. ఒక పేరు రాయబోతుంటే బాబాయి అడ్డొచ్చి ఇంకో పేరు ఇచ్చేవాడు. ఆవిడ కొట్టేసి రాసేది. అంతే, ఎప్పుడూ ఎందుకని అనుకోలేదు. పక్క ఫైల్లో ఇంకో కాగితం కనిపించింది. 'శనివారం రెండు విడతలు నీళ్ళు పెట్టించాలి.' కింద కోచ్ సంతకం. అందుకున్నట్టు ఆవిడ సంతకం.

రిజిస్టర్ చంకన పెట్టుకుని ఆవిడ బట్టల గదికి వెళ్ళింది. బాబాయి పీట మీద కూర్చుని సాక్సులు తిరగేస్తున్నాడు.

"ఏంటి బాబాయ్ ఇదంతా? వీళ్ళందరినీ మీరే..."

"గట్టిగా అనకు. పరువు పోతుంది."

"ఎందుకు చేశారు?"

బాబాయి ఒక సాక్సులో మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. "ఆ రోజు బస్సెందుకు ఆలస్యమైందో నాకు తెలుసు. కెప్టెన్ పాటలు వినే చెవి డబ్బాలు మర్చిపోతే, డ్రైవర్ బస్సు వెనక్కి తిప్పాడు. నేను ముందు సీట్లోనే ఉన్నాను. సమీక్షలో నోరు విప్పలేదు. ఆ డ్రైవరు పోతూ పోతూ నాకు నమస్కారం పెట్టి వెళ్ళాడమ్మాయ్. అదొక్కటీ నిజంగా నా తప్పు. మిగతావన్నీ దాని పిల్లలు."

గుమ్మంలో ఏదో పడ్డ చప్పుడైంది. చూస్తే కెప్టెన్. చేతిలోని సాక్సు ఉండ జారి నేల మీద ఉంది. వంగి ఆ ఉండని తీసుకుని, తనే తిరగేశాడు. చేతకాలేదు. సాక్సు మడమ పక్కకొచ్చింది.

రెండింటికి అందరూ మళ్ళీ కూర్చున్నారు. గుమస్తా ఆ వారం ఫారం అందించింది. ఓనరు గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇదేంటి? బాధ్యుల గడిలో మీ పేరుంది?"

"నీళ్ళ చీటీ నా దగ్గరే ఉంది సార్. పొద్దున తియ్యలేదు. పెన్ను ముయ్యడం వచ్చినంత బాగా నోరు తెరవడం రాలేదు నాకు."

"సార్, ఆ పాస్ నాది," అన్నాడు కెప్టెన్ లేచి. "చూడకుండా ఇచ్చాను. డ్రైవర్ ఆలస్యం కూడా నా వల్లే."

బాబాయికి ఎక్కడలేని కోపమొచ్చింది. "ఒరేయ్, నా తప్పులో వేలు పెడతావేంట్రా? ఒప్పేసుకున్నా, అయిపోయింది!"

"మీదెలా అవుతుంది బాబాయ్? కొట్టింది నా కాలు!"

"ఆ కాలికి సాక్సు తొడిగించింది ఎవరు?"

"నేను ముందుకెళ్ళకుండా ఉంటే..." అని గోలీ మొదలెట్టాడు.

"నువ్వు ఆగు, నీ వంతు రాలేదు!" అన్నాడు కెప్టెన్.

తప్పు కోసం ముగ్గురూ అన్నదమ్ములు ఆస్తికి కొట్టుకున్నట్టు కొట్టుకున్నారు. ఈ గలాటాలో కోచ్ మెల్లగా ఫోన్ జేబులో పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. "నీళ్ళు పెట్టమన్నది నేనే. బంతి వేగంగా పోతుందనుకున్నాను. పోయింది. మనవైపే పోయింది." ఆ తర్వాత గుమ్మం వైపు తిరిగి, "తప్పు నాది అక్కా," అన్నాడు. గడ్డి అక్క గుమ్మం దాటి లోపలికొచ్చింది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఓనరు గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. "ఇంతమందినీ తీసేస్తే ఆడేదెవరు?" అన్నారు. గోడ మీది అక్షరాల వైపు ఆయన చాలాసేపు చూశారు. చివరికి కాగితం మడిచి, "ఆ డ్రైవర్ ఫోన్ నంబరు ఎవరి దగ్గరన్నా ఉందా?" అని అడిగారు.

బాబాయి జేబులోంచి చీటీ తీశాడు. ఎనిమిది వారాలుగా ఆ జేబులోనే ఉందది. మూడుసార్లు ఉతుకులో కూడా పడింది.

పన్నెండో ఆటలో గెలిచారా అంటే, లేదు. చెరో గోల్‌తో సమానంగా ముగించి, కింది లీగ్‌కి వేలెడు దూరంలో వేలాడుతున్నారు. సమీక్ష మాత్రం ఇప్పుడు బట్టల గదిలో జరుగుతోంది. ఎవరి తప్పు వాళ్ళు చెప్పుకుంటారు, ఎవరి సాక్సులు వాళ్ళు తిరగేసుకుంటారు. కోచ్‌కి ఇంకా మడమ పక్కకే వస్తుంది. గుమస్తా గడి చాలక వెనక పేజీ వాడుతోంది.

మొన్న సోమవారం బాబాయి తొట్టి దగ్గరికి వెళ్ళి చూస్తే సాక్సులన్నీ తిరగేసి, జతలు జతలుగా ఉన్నాయి. పీట మీద కూర్చుని కాసేపు చేతులు నలుపుకున్నాడు. తర్వాత లేచి, అందరి మొహాల్లోకీ బిక్కమొహంతో చూస్తూ అన్నాడు.

"ఒక్కటన్నా మిగల్చండర్రా. పెద్దవాణ్ణి, నాకేం తోస్తుంది?"