సగంలో ఆగిన జిరాఫీ

మా మావయ్యకు ఒక్కటే జబ్బు. ఏనుగు గురించో జిరాఫీ గురించో ఖడ్గమృగం గురించో ఎవరూ అడగని సంగతి ఒకటి ఎత్తుకుంటాడు, సగంలో ఆపేసి వెళ్లిపోతాడు. వాటిలో ఒక్కదాన్నీ కళ్లతో చూసి ఎరగడు. ఆయన ఉద్యోగం ఆస్పత్రిలో ఎక్స్-రేలు తీయడం. ఆ గది బయట టోకెన్లిచ్చేది నేనే కాబట్టి, ఇంట్లో తప్పించుకున్నవి అక్కడ వినక తప్పేది కాదు.

"ఏనుగు తొండంలో ఎన్ని ఎముకలుంటాయో తెలుసా?" అని లోపల్నించి వినబడేది.

"ఎన్నండీ?"

మావయ్య మిషను మీట ఉన్న గోడ వెనక్కి వెళ్లిపోయేవాడు. టక్కుమని చప్పుడు. తర్వాత తాపీగా వచ్చి, "ఒక్కటీ లేదు, అంతా కండే. అన్నీ ఏనుగు తొండాలైతే నా ఉద్యోగం ఊడేది" అనేవాడు.

ఇంట్లోనూ అదే వరస. అత్తయ్య ఎనిమిదో నెలలో నడుం పట్టుకుని కూర్చుంటే, "ఏనుగు ఎన్నాళ్లు మోస్తుందో తెలుసా?" అని స్నానానికి వెళ్లాడు. తల తుడుచుకుంటూ వచ్చి, "ఇరవై రెండు నెలలు" అన్నాడు.

"అయితే దాన్నే చేసుకోవాల్సింది. వంట కూడా అదే చేసిపెట్టేది" అంది అత్తయ్య. ఆ పూట మావయ్యే వండుకున్నాడు.

కొంప ముంచింది మాత్రం ఖడ్గమృగం. దాని కొమ్ము దేంతో తయారవుతుందని ఒక పెద్దమనిషిని అడిగి, ఫోటో తీశాక, "ఎముక కాదండీ, మన జుట్టులో ఉండే పదార్థమే" అన్నాడు. పెద్దమనిషి నెత్తిన ఒక్క వెంట్రుక లేదు. నేరుగా పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్లాడు.

"ఇంకోసారి జంతువు పేరెత్తితే పాత ఫైళ్ల గదికి పంపేస్తాను" అన్నారావిడ.

ఇరవై ఏళ్లుగా ఆ ఎక్స్-రే గదే మావయ్య లోకం. నోటికి తాళం వేసుకున్నాడు. "కదలకండి, ఊపిరి బిగబట్టండి" తప్ప మాట లేదు. వారం తిరిగేసరికి సగం ఫిల్ములు మసక. తీసినవాళ్లకే మళ్లీ తీయాల్సొచ్చి, నా బల్ల ముందు క్యూ మెట్లదాకా పాకింది.

సంగతేమిటో చూద్దామని డాక్టరమ్మే దిగొచ్చి, నాతోపాటు గోడ వెనక అద్దం దగ్గర నిలబడ్డారు. లోపల మోచెయ్యి వాచిన ఆరేళ్ల పిల్ల ఒకటి, చెయ్యి బల్ల మీద పెట్టనంటే పెట్టనని ఆస్పత్రి ఎగిరిపోయేలా ఏడుస్తోంది. మావయ్య అద్దంలోంచి డాక్టరమ్మను చూశాడు, పిల్లను చూశాడు. వద్దు మావయ్యా అని నేను సైగ చేశాను.

"ఎక్కణ్ణించి పడ్డావ్?"

"మూడు మెట్లు" అంది పిల్ల వెక్కుతూ.

"అంతేనా! జిరాఫీ వాళ్లమ్మ నిలబడే కంటుంది. పిల్ల పుట్టడమే ఆరడుగుల పైనించి, దబ్బుమని నేల మీద పడుతుంది."

"పడి?"

మావయ్య చెయ్యి సర్దిపెట్టి గోడ వెనక్కి వచ్చేశాడు. పిల్ల నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది. టక్.

ఫిల్ములో సన్నటి చీలిక కూడా స్పష్టంగా కనబడింది. కదలొద్దంటే భయపడ్డవాడు ఇంకా కదులుతాడు. జవాబు కోసం చూసేవాడు కదలడు. ఇన్నాళ్లూ చాదస్తమని నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

"ఫైళ్ల గది తాళం ఎవరి దగ్గరుందమ్మా?" అన్నాడు మావయ్య.

"తాళం సంగతి తర్వాత. ముందు ఆ జిరాఫీ పిల్ల లేచిందో లేదో చెప్పండి" అన్నారు డాక్టరమ్మ.

మావయ్య ఆవిడకు చెప్పలేదు. లోపలికి వెళ్లి పిల్లకు చెప్పాడు. "గంటలోపే లేచి నిలబడుతుంది."

"నేనైతే పడగానే లేచా" అంది పిల్ల, ముక్కు తుడుచుకుంటూ.