మామ్మ చుట్టల డబ్బా

గార్డెన్ రీచ్ నేస్తాలూ, ఇవాళ బీరువా సర్దుతుంటే మా మామ్మ డబ్బా దొరికింది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది, గుర్తుందా?

రేవులో పనిచేసే నాన్నకి ఓ విదేశీ నావికుడు ఓ రేకు డబ్బాలో నల్లటి వర్జీనియా పైపు పొగాకు ఇచ్చాడు. మా ఇంట్లో పైపెక్కడిది? మామ్మ దాన్ని తన చుట్టాకులోనే చుట్టి, వెలిగించి, కళ్లు మూసుకుని పీల్చింది. నాన్న ఆశగా చూస్తున్నాడు.

"ఏట్రా ఇది? సందేశ్ మిఠాయి తిన్నట్టుంది. పొగాకన్నాక దగ్గు రావాల గదా!"

నాన్న ముఖం చిన్నబోయింది. అది చూసి, "డబ్బా బాగుందిరా, నాకిచ్చీ," అంది. పోయేదాకా తన చుట్టలు అందులోనే దాచుకుంది.

ఖాళీదే కదా అని ఇందాక మూత తీసి వాసన చూశాను.

దగ్గొచ్చింది.