ప్రభు బల్ల ముందు నుంచి అమ్మ లేచి వెళ్ళిన ఆదివారం

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం ఆరాధనలో, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్ల ఇంకా మొదలు కాకముందే అమ్మ లేచి నిలబడింది.

యానాం నుంచి పుదుచ్చేరి వచ్చిన తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి ఒక అద్దె హాల్లో ఆరాధన చేసుకునేవాళ్ళం. చాపల మీద కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. నాన్నగారు కళ్ళతోనే ఏమైందని అడిగారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఎక్కడికని అడగలేదు... నాకు తెలుసు.

అంతకు వారం ముందు నా వెండి పట్టీ ఒకటి పోయింది. మాకు ఆకుకూరలు తెచ్చే మునెమ్మ అవ్వ ఊరి పక్కనున్న అరియాంకుప్పం నుంచి బస్సులో వచ్చేది. వాళ్ళు తాతల కాలం నుంచి అక్కడే సేద్యం చేసుకుంటున్న తెలుగువాళ్ళు. గంప వసారాలో దించి, వంటింటి గడప దగ్గర కూర్చుని అమ్మకి ఆకు గిల్లి పెట్టేది... అంత చనువు.

పట్టీ కనబడని రోజు అమ్మ ఆవిడతో ఒకే మాట అంది. "మీరు తప్ప లోపలికి ఇంకెవరూ రాలేదు పెద్దమ్మా."

అవ్వ సగం గిల్లిన ఆకు అక్కడే వదిలేసి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

పట్టీ పారేసుకున్నది నేనే. వెళ్ళొద్దన్న సముద్రం దగ్గరికి స్నేహితురాళ్ళతో వెళ్ళి, రాళ్ళ మీద గెంతుతుంటే జారిపోయింది. చెబితే దెబ్బలు... అందుకే నోరు విప్పలేదు. ఆ వారమంతా అన్నం సహించలేదు. ఇంట్లో ప్రార్థనకి కూర్చుంటే కళ్ళు మూసుకోవాలన్నా భయమే...

బస్సు కోసం నిలబడ్డప్పుడు అమ్మ ఒక్కచోట ఉండలేకపోయింది. కొంగు మెలిపెడుతూ అటూ ఇటూ తిరిగింది. "కళ్ళు మూసుకుంటే ఆవిడ ముఖమే కనబడుతోందే... ఆ బల్ల ముందుకి నేనెలా వెళ్ళను? ప్రభువు నన్ను ముందు ఆ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళమంటున్నాడు."

"అవ్వే తీసుంటే?" అన్నాను. ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

"తీసినా సరే. తెలుసుకోకుండా అనేశాను కదా... అది నా తప్పే."

బస్సు వంతెన దాటుతుంటే నేను అమ్మ వైపు చూడకుండా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

అవ్వ ఇల్లు మాకు తెలీదు. మండుటెండలో వీధి వీధీ తిరిగాం. అమ్మ కనబడ్డవాళ్ళనల్లా వచ్చీ రాని తమిళంలో అడిగింది. చివరికి ఒక పెంకుటింటి ముందు మునగాకు దూస్తూ కనబడింది అవ్వ.

"ఏంది అమ్మణ్ణీ... ఈ వెయిల్లో బిడ్డను పిలుచుకొని యాడికి వచ్చినావు?"

అమ్మ చెప్పులు విడిచి ఆవిడ ఎదురుగా నేల మీదే కూర్చుంది. "మిమ్మల్ని అనరాని మాట అన్నాను. నన్ను క్షమించండి పెద్దమ్మా."

"పట్టీ దొరికిందా?"

"లేదు... దొరక్కపోయినా అడగాలి కదా."

అవ్వ చేతులు ఆగిపోయాయి. "వారం దినాలుగా నాకు నిద్ర లేదు మా. ఇంట్లో గూడా చెప్పలేదు... వాళ్ళూ నమ్మేస్తే?"

ఇంక నా వల్ల కాలేదు. "నేనే పారేసుకున్నాను... సముద్రం దగ్గర..." అంటూ గట్టిగా ఏడ్చేశాను.

అమ్మ చెయ్యి లేచింది. అవ్వ గబుక్కున నన్ను తన వెనక్కి లాక్కుంది. "కొట్టొద్దు మా. మన్నించమని అడిగేదానికే కదా నువ్వు వచ్చినావు... బిడ్డ అడిగేదీ అదే."

అమ్మ చెయ్యి దించి, ముఖం కప్పుకుని ఏడ్చింది. నేను అవ్వ చీర పట్టుకునే నిలబడ్డాను.

తర్వాతి ఆదివారం అమ్మ ప్రభు బల్లలో పాలుపొందింది. అవ్వ కూడా మళ్ళీ ఆకుకూరలు తెచ్చింది. కానీ చాలా నెలలు వసారాలోనే కూర్చుంది. అమ్మ లోపలికి పిలిచినప్పుడల్లా "ఈడనే గాలి బాగుంది మా" అనేది. అమ్మ మాత్రం పిలవడం మానలేదు. ఒక వానరోజు అవ్వ తనంతట తనే లోపలికి వచ్చి కూర్చుంది...

ఇప్పుడు ఫోన్లో నొక్కితే ఆకుకూరలు గుమ్మం ముందుకి వస్తాయి. తెచ్చినవాళ్ళ పేరు కూడా తెలీదు. ఈమధ్య ఆఫీసులో ఒకమ్మాయిని అందరి ముందూ తొందరపడి ఒక మాట అన్నాను. నాలుగు రోజులుగా "సారీ" అని టైపు చేయడం, చెరిపేయడం... ప్రార్థనకి కూర్చుంటే కుదురు లేదు.

ఆ రోజుల్లో క్షమాపణ అడగాలంటే మనిషి ముందుకే వెళ్ళేవాళ్ళం...

మీ ఇళ్ళల్లోనూ అలా లేచి వెళ్ళినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి... రేపు ఆ అమ్మాయి ఎదురుగా నిలబడటానికి నాకు ధైర్యం కావాలి.