గేట్ బజార్ బోర్డులు

మీ ఇంట్లో పధ్నాలుగేళ్ల పిల్ల వారం రోజులు నోరు విప్పకపోతే మీరు ముందు ఎవరిని అడుగుతారు? ఆ పిల్లనా, మంత్రగాడినా?

మా అక్క ఇంట్లో మంత్రగాడినే అడిగారు. ఒరిస్సా రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. బరంపురంలో మా మేనకోడలు చదివే బడిలో ఒరియా వాచకం కూడా పెట్టారు. ఆ గంట వచ్చేసరికి పిల్లకు గొంతు పెగిలేది కాదు. ఇంటికొచ్చి అన్నం ముట్టేది కాదు. బావ ఎండుచేపల వ్యాపారి. బేరానికొచ్చిన ఒరియా వాళ్లతో గలగలా మాట్లాడేది ఈ పిల్లే.

"సిన్నప్పట్నించీ ఆడతన్న బాస. సదవలేకపోడమేటి? నాలిక్కేదో పట్టింది" అని బావ తేల్చేశాడు. ఆదివారం మంత్రగాడు వచ్చి మిరపకాయల పొగ వేస్తాడు. సోమవారం నుంచి బడి బంద్.

శుక్రవారం నాకు తెలిసింది. వెళ్లి నేను చేసిందేమిటి? దెయ్యాలు లేవని గంటసేపు ఉపన్యసించాను. సభల్లో పండితుల మీద వాడిన వాదాలన్నీ ఆ పిల్ల మీద ప్రయోగించాను. పిల్ల ఏడ్చేసింది.

"మావయ్యా, దెయ్యం నేదని నాకూ తెలుసు. నువ్వూ నాన్నలాగే. నన్నేటీ అడగవు."

సిగ్గేసింది. "సరే, ఏటవుతాదో సెప్పు" అన్నాను.

"మాటొచ్చు, అచ్చరం రాదు. నవ్వుతారని సెప్పలేదు."

అంతే! మాట వస్తే చదువూ వచ్చినట్టేనని ఇంటిల్లిపాదీ అనుకున్నాం.

"మరేటి సేద్దాం?" అన్నాను. ప్రైవేటు మాస్టారిని పెడదామన్న మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. పిల్ల గోడ మీద గోటితో ఓ గీత గీసింది.

"గేట్ బజార్‌లో ఏ కొట్లో ఏటమ్ముతారో నాకు తెలుసు కదా. కొత్త ఒరియా బోర్డుల మీద అదే రాసుంటాది. మాట ముందే తెలిస్తే అచ్చరం దొరికిపోద్ది."

మంత్రగాడిని ఆపి, పిల్లను బడికి పంపమని బావను నెల గడువు అడిగాను. "దెయ్యం నెల్లాళ్లు ఆగుతాదేటి?" అన్నాడు.

"నేని దెయ్యానికి తొందరేటి, నాన్నా?" అంది పిల్ల. బావకు నవ్వొచ్చింది. గడువిచ్చాడు.

రోజూ సాయంత్రం ఇద్దరం ఆ రద్దీలో నడిచాం. బట్టల కొట్టు, గొడుగుల కొట్టు, బెల్లం కొట్టు. తప్పు చదివితే కొట్టువాళ్లే దిద్దేవారు. బెల్లం కొట్టాయన దిద్ది, ఓ ముక్క చేతిలో పెట్టేవాడు.

నెలాఖరున ఒకరోజు బడి నుంచి వచ్చింది. అక్క, బావ, నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాం.

"మూడు వరసలు సదివేను. రెండు తప్పులు. ఎవులూ నవ్వలేదు. అమ్మా, అన్నం ఎట్టు, ఆకలేస్తంది."

అక్క లోపలికి పరుగెత్తింది. బావ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు. పొగ కోసం తెచ్చిన మిరపకాయలు చేపల పులుసులో పడ్డాయి.

అయ్యా, అమ్మా, ఇవాళే మీ పిల్ల పక్కన కూర్చోండి. ఏమవుతోందో అడగండి. ఏం చేద్దామనుకుంటోందో కూడా అడగండి. అడిగాక మీరు నోరు మూసుకోండి.