పదకొండో అంకె పట్టుకోలేని తప్పు

రిటైర్ కావడానికి మూడేళ్ళ ముందు, మిర్చి కళ్ళాలు ఎర్రగా ఆరుతున్న మార్చి నెలలో, నన్ను ఒంగోలుకు ఇవతల ఒక గూడ్సు స్టేషన్లో ట్రెయిన్స్ క్లర్క్‌గా వేశారు. బండిలో ఏ వేగన్ ఎక్కడుందో నంబర్లతో సహా రాసుకోవడం మా పని.

వేగన్ నంబరు పదకొండు అంకెల సంఖ్య. చివరి అంకె తక్కిన పదింటికీ కాపలా. ఎడమ నుంచి సరి స్థానాల అంకెలను కూడి, మూడు రెట్లు చేసి, బేసి స్థానాల అంకెలు కలిపితే వచ్చే మొత్తం పదితో శేషం లేకుండా భాగింపబడాలి. ఏ ఒక్క అంకె తప్పు రాసినా లెక్క కుదరదు. నేను దాన్ని నోటితోనే చేసేవాణ్ణి. ఆ సంగతి నలుగురికీ తెలియాలన్న యావ కూడా ఉండేది.

ఆ మధ్యాహ్నం పత్తి బేళ్ళ బండి వచ్చి ఆగింది. వేగన్లు పరీక్షించే ఎగ్జామినర్ ఒకదాని చక్రంలో పగులు చూసి, పాడైందని దానికి సిక్ లేబుల్ అంటించి, విడదీయమని సిక్ మెమో రాసిచ్చి, ఇంకో బండి చూడటానికి వెళ్ళిపోయాడు. నేను మెమో చూసి షంటింగ్ స్లిప్పు మీద 31101236128 అని రాశాను. ఆ లెక్కన కూడితే యాభై వచ్చింది. స్లిప్పు, వేగన్లను బండి నుంచి విడదీయించే షంటింగ్ మాస్టర్ మస్తాన్ వలికి ఇచ్చాను.

అరగంటకు ఆయన తిరిగొచ్చాడు. వేగన్ను విడదీసి పక్క లైన్లో పెట్టాడు గానీ మొహంలో తృప్తి లేదు.

"దానికి సిక్ లేబుల్ లేదు సార్. చక్రం కూడా బాగానే ఉంది. ఒకసారి మీరొచ్చి చూడండి."

"లేబుల్ గాలికి ఊడిపోయుంటుంది మస్తానూ. నంబరు సరిపోయింది కదా," అన్నాను.

ఆయన వెళ్ళిపోయాడు. బండికి పచ్చ సిగ్నల్ పడింది. మెమోను ఫైల్లో పెట్టబోతూ మళ్ళీ చదివాను. అందులో ఉన్నది 31101231628.

పక్కపక్కనున్న 1, 6 తారుమారు చేశాను. వాటి తేడా ఐదు. స్థానాలు మారితే మొత్తంలో వచ్చే మార్పు దానికి రెట్టింపు, అంటే పది. నలభై రావాల్సిన చోట యాభై వచ్చినా కాపలా అంకెకు తేడా తెలియదు. ఒకే రకానివి, ఒకే ఏడాది తయారైనవి కనుక మొదటి అంకెలు కలిసిన ఆ రెండు వేగన్లూ ఈ బండిలోనే వచ్చాయి; పగులున్నది ఇంకా బండిలోనే ఉంది. పగిలిన చక్రం దారిలో విరిగితే వేగన్లు దొర్లుతాయి, వెనక గార్డు ఉన్నాడు.

స్టేషన్ మాస్టర్‌కు ఫోన్ చేసి బండి ఆపమన్నాను. "ఏమైందండీ?" అని ఆయన అడుగుతుండగానే బండి కదులుతూ వేగన్లను కలిపే కప్లింగులు లాగిన చప్పుడు వినిపించింది. ఆయన వాకీటాకీలో డ్రైవరును కేకేశాడు. బండి నాలుగు వేగన్ల దూరం పోయి ఆగింది.

మస్తాన్, నేను పట్టాల వెంట నడిచి ఆ వేగన్ దగ్గరకు వెళ్ళాం. లేబుల్ ఊడలేదు. చక్రం అంచులో గోరు దిగేంత పగులుంది.

"తప్పు నాదే మస్తానూ."

"ముందు దీన్ని తీయిద్దాం సార్," అన్నాడాయన.

నాకు చార్జి మెమో వచ్చింది, తప్పు ఒప్పుకుని జవాబు రాశాను. పదితో భాగింపబడే ఆ మొత్తం, ఈ సంఖ్య ఏదో ఒక వేగన్‌ది కావచ్చని మాత్రమే చెబుతుంది. మనకు కావలసిన వేగన్ అదేనా కాదా అన్నది దగ్గరకు వెళ్ళి చూసినవాడు చెప్పాలి. ఆ రోజు చూసినవాడు నా ఎదుట నిలబడి చెప్పాడు, నేను వినలేదు.